చల్లదనాన్ని కాపాడే చేతులు

వైశాఖం రాకముందే పాలమూరు సీమలో మనుష్యులకంటె ముందుగా గోడలు కాగుతవి. పగలంతా తాగిన ఎండను రాత్రంతా గదిలోకి కక్కుతవి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలో గాని, సంస్థాన వైభవపు ఆనవాళ్లను ఇంకా నిలుపుకొన్న వనపర్తిలో గాని, నల్లమల దారిలోనున్న నాగర్‌కర్నూలులో గాని ఏప్రిలు, మే నెలలలో పగటి వేడి నలభై డిగ్రీలు దాటుట వింత కాదు. ఆ దినాలలో ఈ మూడు పట్టణాలలోను ఒక మనిషి కొరకు ఎందరో ఎదురుచూస్తూ ఉంటారు. అతడు వైద్యుడు కాడు, అధికారి కాడు. మోటారు సైకిలు వెనుక చిన్న నీళ్ల పంపు, గ్యాసు సిలిండరు, పనిముట్ల సంచి కట్టుకొని వీధివీధి తిరిగే ఏసీ మెకానిక్కు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోగా ఈ మూడు ఊళ్లు మూడు జిల్లాలకు కేంద్రాలైనవి. గద్వాల జిల్లాకు జోగులాంబ పేరు కూడ చేరినది. కలెక్టరు కచేరీలు వచ్చినవి. వాటి వెంట బ్యాంకులు, బట్టల దుకాణాలు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు పెరిగినవి. వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. ఈ కట్టడాలన్నిటి గోడలకు తెల్లని పెట్టెలు అమరినవి. కాని యంత్రం గోడకెక్కినంత వేగంగా దానిని కాపాడే తెలివి ఇంటింటికి చేరలేదు. చల్లదనాన్ని కొనుట ఒక పూట పని. దానిని నిలుపుకొనుట ఏటేటా చేయవలసిన పని. ఈ తేడాను గుర్తించకపోవుట వలన డబ్బు, విద్యుత్తు వృథా అవుతున్నవి. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు వస్తున్నది.

మిద్దె మీద చవుడు

ఈ సీమకు చల్లదనం కొత్త కోరిక కాదు. పాతకాలపు పల్లెలలోని మట్టిమిద్దెలే అందుకు సాక్ష్యం. లావైన గోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, ఆ పైన ఆకూ కొమ్మా పరచి మెత్తిన మన్ను, అన్నిటికి పైన చవుడు. చవుడు ఉప్పు గుణం గల మన్ను. తడి తగలగానే అది మెత్తబడి, సందులను పూడ్చి, నీటిని కిందికి దిగనీయదు. లోపలి దట్టమైన మన్ను పగటి ఎండను వెంటనే గదిలోకి రానీయదు. అందువల్లనే మిట్టమధ్యాహ్నం కూడ మిద్దె కింద కునుకు పట్టేది. అయితే ఆ సుఖం ఊరికే దక్కలేదు. తొలకరికి ముందే బండ్లమీద చవుడు తోలి, మిద్దెనెక్కి పరచి, కాలితో తొక్కి సరిచేయవలసి ఉండేది. ఒక్క ఏడు బద్ధకించిన ఇంటిలో మరుసటి వానకు గిన్నెలు, తపేలాలు కారే చోటుల కింద చేరేవి.

సోమనాద్రిగా ప్రసిద్ధుడైన పెద సోమభూపాలుడు కట్టించిన గద్వాల మట్టికోట లోపల నేడు డిగ్రీ కళాశాల నడుస్తున్నది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్కు ఉన్నది. విద్యుత్తు ఎరుగని కాలపు కట్టడాలలో ఎత్తైన కప్పులు, మందమైన గోడలు, ఎదురెదురుగా కిటికీలు పెట్టుట వట్టి దర్పానికి కాదు. వేడిగాలి పైకి పోవుటకు, చల్లగాలి ఆడుటకు నాటి పనివారు ఎరిగిన ఉపాయాలవి.

నవాబుల దివాణాలలోను, తెల్లదొరల బంగళాలలోను వేసవిలో వట్టివేళ్ల తడికలు కట్టేవారు. వడగాలి ఆ తడి వేళ్ల గుండా దూరి చల్లబడి, పరిమళాన్ని మోసుకొని గదిలోకి వచ్చేది. తడిక ఆరిపోకుండా ఒకడు బయట ఎండలో నిలిచి గంటగంటకు నీరు చల్లుతుండేవాడు. మరొకడు వరండాలో కూర్చుండి తాడుతో పంకా లాగేవాడు. లోపలివారి చల్లదనం వెనుక ఒక మనిషి చేయి ఉన్నది. ఆ చేతికి మాత్రం చల్లదనం దక్కలేదు. కాలం మారి పంకా తాడు పోయినది గాని, ఈ సంబంధం పోలేదు.

కుండ నేర్పిన సూత్రం

ఏసీ యంత్రంలోని రహస్యం ఇంటి మూలనున్న రంజనులోనే ఉన్నది. రంజను గోడలు చెమరుస్తవి; ఆ చెమ్మ ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తీసికొనిపోతుంది. ద్రవం ఆవిరి కావలెనంటే వేడి కావలెను. ఆ వేడిని అది తన చుట్టునున్న వాటినుండి లాగుకొంటుంది. శీతల శాస్త్రానికంతకు పునాది ఇదే. 1750 తరువాతి దశకంలో స్కాట్లండు దేశపు వైద్య శాస్త్రవేత్త విలియం కల్లెన్, గాలి తీసివేసిన పాత్రలో ఈథరును మరిగించి, ఆ మరుగుటవలననే చలి పుట్టునని, నీరు గడ్డకట్టునని చూపించినాడు. చలికి పేరుపడిన దేశంలో చలిని పుట్టించే ప్రయోగం జరుగుట చిత్రమే గాని, శాస్త్రం అవసరాన్ని చూచి పుట్టదు కదా.

ఆ ప్రయోగం యంత్రమై ప్రజలకు అందుటకు చాల కాలం పట్టినది. ఈలోగా అమెరికాలో గడ్డకట్టిన చెరువులనుండి కోసిన మంచు గడ్డలు రంపపు పొట్టులో పొదిగి ఓడలెక్కినవి. 1833లో అవి కలకత్తా చేరినవి. మద్రాసు సముద్రతీరాన ఆ మంచును దాచుటకు కట్టిన ఐస్ హౌస్ నేడు వివేకానందుని పేర నిలిచి ఉన్నది.

1902లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరపు ఒక ముద్రణాలయంలో గాలి తేమ పెరిగి తగ్గుతుండుటవలన కాగితం సాగి కుంచించుకొని, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ తేమను అదుపులో పెట్టుటకు విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు ఒక పద్ధతిని రూపొందించినాడు. నేటి ఏసీకి అదే ఆది. అనగా ఈ యంత్రం మొదట మనిషి సుఖం కొరకు పుట్టలేదు. కాగితం సుఖం కొరకు పుట్టినది. ఇక ‘ఎయిర్ కండిషనింగ్’ అనే మాటను 1906లో వాడినవాడు స్టూవర్ట్ క్రామర్. అతడు నూలు మిల్లుల ఇంజనీరు. మిల్లులో గాలి పొడిబారితే దారం తెగుతుంది. కనుక గాలికి తగినంత తేమను పట్టించుటకే ఆయన ఆ పేరు పెట్టినాడు.

ఈ సంగతి వింటే గద్వాల నేతగాడు చిరునవ్వు నవ్వవచ్చును. నూలు ఒడలు, పట్టు అంచు గల గద్వాల చీరెకు పేరు తెచ్చిన గుంటమగ్గం చేసే పని కూడ కొంతవరకు ఇదే. నేతగాడు కాళ్లు గుంటలో పెట్టుకొని కూర్చుంటాడు. పడుగు నేలకు దగ్గరగా సాగి ఉంటుంది. తవ్విన నేలలోని చెమ్మ నూలుపోగును పూర్తిగా పొడిబారనీయదు. తేమ తగిలిన నూలుకు బలం హెచ్చు. ఎండిన నూలు తేలికగా తెగుతుంది. అమెరికా మిల్లులో యంత్రం చేసిన మేలును గద్వాలలోను, రాజోలిలోను మట్టి గుంట చేసిపెట్టినది. గాలిని పనికి తగినట్లు పదును చేసికొనుట అన్నదే ఎయిర్ కండిషనింగ్ అయితే, ఆ విద్య ఈ సీమకు పరాయిది కాదు.

టన్ను లెక్క

కుండనుండి ఆవిరైపోయిన నీరు తిరిగి రాదు. ఏసీలో ఆవిరైన ద్రవాన్ని పోనీయరు. పట్టి మళ్లీ ద్రవంగా మారుస్తారు. గదిలోని పెట్టెలో సన్నని గొట్టాలలో ద్రవం ఆవిరి అవుతూ గది వేడిని లాగుకొంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి, వేడెక్కించి, మరొక గొట్టాల వరుసలోకి నెడుతుంది. అక్కడ ఫ్యాను గాలికి వేడిని బయట వదలి ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. ఈ చక్రం తిరుగుతూ ఉన్నంతసేపు గది చల్లగా ఉంటుంది. యంత్రం చలిని తయారుచేయదు. లోపలి వేడిని మోసుకొనిపోయి బయట పోస్తుంది, అంతే.

దుకాణంలో ‘టన్నున్నర ఏసీ’ అంటే యంత్రపు బరువని అనుకొనేవారు ఇప్పటికీ లేకపోలేదు. అది మంచుగడ్డల కాలం మిగిల్చిన కొలత. అమెరికా లెక్కలో ఒక టన్ను, అనగా సుమారు 907 కిలోల మంచు ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని అదే వ్యవధిలో గదినుండి తీయగల శక్తియే ఒక టన్ను. మంచు ఓడలు పోయినవి గాని, వాటి లెక్క మిగిలినది.

నీళ్ల కూలరు సంగతి వేరు. అది వట్టివేళ్ల తడికకు మనుమడు. ఏప్రిలులో గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ సీమలో అది చక్కగా పనిచేస్తుంది. తొలకరి పడి ఉక్కపోత మొదలైనప్పుడు గాలిలో చెమ్మకు చోటు చాలదు కనుక చతికిలబడుతుంది. ధర తక్కువ, విద్యుత్తు తక్కువ కనుక సామాన్యుని ఇంట కూలరుదే రాజ్యం. దానికీ పోషణ కావలెను. గడ్డి మార్చవలెను, నిలువ నీరు పారబోయవలెను, లేనిచో దోమలు పుట్టుతవి. అన్నిటికంటె ముఖ్యంగా, ప్లగ్గు తీయకుండా నీరు పోయరాదు. కూలరు షాకు కొట్టి మనుషులు మరణించిన వార్తలు వేసవి వేసవికి పత్రికలలో కనిపిస్తూనే ఉన్నవి.

‘గ్యాసు అయిపోయినది’

మెకానిక్కులు తరచుగా వినే ఫిర్యాదు ఒక్కటే: “ఏసీ చల్లగా లేదు, గ్యాసు అయిపోయినట్టున్నది.” ఇందులో పెద్ద పొరపాటు ఉన్నది. ఏసీలోని గ్యాసు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. తగ్గినదంటే ఎక్కడో కారినదని అర్థం. కారిన చోటు కనిపెట్టి మూయకుండా గ్యాసు నింపుట, చిల్లికుండలో నీరు పోయుటయే. నాలుగు నెలలకు మళ్లీ అదే కబురు, మళ్లీ అదే ఖర్చు. ఖాతాదారుని తొందర కొంత, పనివాని తొందర కొంత కలసి ఈ తప్పును ఏటేటా సాగనిస్తున్నవి.

నిజానికి చాల ఇళ్లలో గ్యాసు సరిగానే ఉంటుంది, దోషం దుమ్ముది. ఈ సీమ ఎర్రనేలల ధూళి, పత్తి తీతల కాలపు నూగు లోపలి జాలికి, బయటి గొట్టాల రేకులకు పేరుకొంటవి. గాలి ఆడని యంత్రం ఎక్కువసేపు తిరుగుతుంది, ఎక్కువ విద్యుత్తు తాగుతుంది, తక్కువ చల్లబరుస్తుంది. జాలిని రెండు వారాలకొకసారి ఇంటివారే కడుగుకొనవచ్చును. వేసవికి ముందు ఒకమారు పంపుతో లోపలి, బయటి గొట్టాల వరుసలను కడిగించి, నీరు పోయే గొట్టాన్ని శుభ్రం చేయించినచో సగం ఫిర్యాదులు పుట్టనే పుట్టవు. ఇంధన సామర్థ్య సంస్థ లెక్క ప్రకారం ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు నూటికి ఆరు వంతుల విద్యుత్తు మిగులుతుంది. పదునెనిమిదికి పెట్టి దుప్పటి కప్పుకొని పడుకొనుటకంటె ఇరువదినాలుగుకు పెట్టి సన్నగా ఫ్యాను వేసికొనుట వివేకం.

గ్యాసు నింపుట కూడ వట్టి సిలిండరు తిప్పుట కాదు. గొట్టాలు విప్పి బిగించినప్పుడు లోపల చేరిన గాలిని, చెమ్మను వ్యాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగివేయవలెను. కారుడు పరీక్షకు నత్రజనిని వాడవలెను. ఆమ్లజనిని ఎన్నడు ఎక్కించరాదు, కంప్రెసరు నూనెతో కలసి అది పేలగలదు. ఇటీవల విరివిగా వచ్చిన ఆర్-32 గ్యాసు కొద్దిగా మండే గుణం గలది. ఆర్-290 అనబడే ప్రొపేను బాగా మండేది. పాత గ్యాసుతో చేయి తిరిగినవాడు కొత్త గ్యాసుతోను అదే అలవాటుగా పనిచేస్తే, మూసిన గదిలో ఒక నిప్పురవ్వ చాలును.

ఇక బయటి పెట్టె. అది రెండవ అంతస్తు గోడకు ఇనుప బ్రాకెట్ల మీద వేలాడుతూ ఉంటుంది. ఎండకు కాగిన సన్‌షేడు మీద కాలు మోపి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకొని, రెండవ చేత్తో మరలు విప్పే దృశ్యం ఏ ఊరిలోనైనా చూడవచ్చును. నడుముకు పట్టీ ఉండదు. కట్టవలెనని అడిగే యజమాని అరుదు. కట్టుకొంటాననే పనివాడు ఇంకా అరుదు. ఒకనాడు పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు, కాలువలు తవ్వి కట్టినారు. ఇంకొకరి పొలానికి నీరిచ్చుటకు తాము ఎండలో మాడిన ఆ తరపు బిడ్డలలో కొందరు నేడు ఇంకొకరి గదికి చల్లదనం ఇచ్చుటకు గోడలెక్కుతున్నారు.

ఆకాశానికి చేరిన పద్దు

గ్యాసు కారుటవలన నష్టం ఆ ఇంటితో ఆగదు. 1974లో రోలండ్, మోలీనా అనే శాస్త్రజ్ఞులు నాటి శీతల వాయువులు పైపైకి పోయి, సూర్యుని తీక్ష్ణ కిరణాలనుండి భూమిని కాపాడే ఓజోను పొరను తినివేయగలవని హెచ్చరించినారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరినది. 1992లో భారతదేశం అందులో చేరినది. దేశాలు నిజంగా మాట నిలుపుకొన్న కొద్ది ఒప్పందాలలో అదొకటి. ఓజోనుకు హాని చేయని గ్యాసులు తరువాత వచ్చినవి గాని, వాటిలో కొన్ని భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు గాలికి రెండు వేల రెట్లు మించినవి. ఆర్-410ఏ అట్టిది. ఆర్-32 దానిలో మూడవ వంతు. వీటిని కూడ క్రమంగా తగ్గించుటకు 2016లో కిగాలీ నగరంలో సవరణ జరిగినది. భారతదేశం 2021లో దానిని ఆమోదించినది. నాగర్‌కర్నూలులో ఒక ఇంటి గోడ వెనుక ‘సుయ్’మని వదలివేసిన గ్యాసు ఈ పెద్ద పద్దులోనే జమ అవుతుంది. దానిని గాలిలోకి వదలక సిలిండరులోకి తిరిగి పట్టవలెనని శాస్త్రం చెప్పుచున్నది. అందుకు తగిన సాధనం, శిక్షణ చిన్న ఊరి పనివానికి అందవలెను. దేశమంతట లక్షమంది సర్వీసు పనివారికి తర్ఫీదు ఇవ్వవలెనని 2019లో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ ప్రణాళిక సంకల్పించినది కూడ ఇందుకే.

చల్లగా ఉండి తీరవలసిన చోట్లు

ఇంటిలో ఏసీ చెడితే ఒక రాత్రి నిద్ర చెడుతుంది. అన్ని చోట్ల అట్లు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పసిబిడ్డల టీకా మందులలో ఎక్కువ భాగం 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉండవలెను. వేడెక్కినా చెడుతవి, వాటిలో కొన్ని గడ్డకట్టినా చెడుతవి. చెడిన మందు చూపుకు మంచి మందువలెనే ఉంటుంది. రక్తనిధి పెట్టె, శస్త్రచికిత్స గది, మధుమేహ రోగి ఇంటిలోని ఇన్సులిను కూడ చల్లదనం మీదనే ఆధారపడినవి. ఇట్టి చోట కావలసిన విడిభాగం ఊరిలో దొరకక హైదరాబాదునుండియో, కర్నూలునుండియో బస్సు పార్సిలులో వచ్చువరకు ఆగవలసి వచ్చినచో, ఆ ఆలస్యానికి వెల కట్టుట కష్టం. పెద్ద ఆసుపత్రి కట్టుటకు నిధులు వెదకినట్లే, దానిలోని యంత్రాలను ఏటేటా చూచుకొనే మనిషికి జీతం కూడ వెదకవలెను.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైనారు. వారిలో అధికులు ఏసీ గది ఎరుగనివారు; కూలీలు, వృద్ధులు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం ప్రకటించినది. మరణించిన తరువాత ఇచ్చే సాయంకంటె ముందు జాగ్రత్త మేలు. ఒక గది వేడిని వీధిలోకి పోసే యంత్రం వీధిలోని మనిషిని కాపాడలేదు. అందుకే 2023లో ప్రకటించిన రాష్ట్ర ‘కూల్ రూఫ్’ విధానం కప్పులనే చల్లబరచవలెనని చెప్పినది. ఎండను తిప్పికొట్టే తెల్లపూత పూసిన కప్పు కింద ఏసీ లేనివాడు కూడ కొంత ఊపిరి పీల్చుకొంటాడు. ఏసీ ఉన్నవానికి విద్యుత్తు మిగులుతుంది. ఆ పూతకూ మళ్లీ మళ్లీ మరమ్మతు తప్పదు. ఏటా మిద్దెనెక్కి చవుడు పరచిన తాతలకు ఈ మాట కొత్తగా తోచేది కాదు.

చేయదగినవి కష్టమైనవి కావు. ఐటీఐలలో నేర్పే శీతల యంత్రాల వృత్తికి పాలమూరు యువకులను హెచ్చుగా పంపవలెను. ఇదివరకే పనిలో ఉన్నవారికి కొత్త గ్యాసులను గూర్చి కొద్ది దినాల తర్ఫీదు ఇప్పించవలెను. పని చేయించుకొనేవారు నడుము పట్టీ లేనిదే మనిషిని గోడ ఎక్కనీయరాదు. గ్యాసు నింపుమని తొందరపెట్టక కారిన చోటు చూపుమని అడుగవలెను. కారుడు వెదకుటకు పట్టిన గంటకు కూడ కూలి ఇయ్యవలెను. కనిపించే సిలిండరుకు డబ్బిచ్చి, కనిపించని శ్రద్ధకు ఇయ్యననుట వలననే తప్పుడు పని పెరుగుచున్నది. నీరు చల్లినవాని పేరు, పంకా లాగినవాని పేరు ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఈనాటి పనివాని పేరైనా ఇంటివారు అడిగి తెలిసికొని, ఎండలో దిగివచ్చిన అతనిని ఆ చల్లని గదిలో పది నిమిషాలు కూర్చుండబెట్టి మంచినీళ్లు ఇచ్చుట ఏ చట్టమూ చెప్పనక్కరలేని మర్యాద.